చిన్న విమానం కూలిన వార్తను పైలట్లు ఎలా చదువుతారు?

గాజువాక నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల తమ్ముడు మహారాష్ట్రలో పైలట్ శిక్షణలో ఉన్నాడు. దేశంలో ఎక్కడ చిన్న విమానం కూలినట్టు టీవీలో వచ్చినా వాళ్లమ్మగారు ఆ పూట అన్నం ముట్టరట. తమ్ముడేమో "అవన్నీ చెత్త వార్తలక్కా, పట్టించుకోవద్దు" అంటాడట. నిజంగా చెత్తేనా? పైలట్లకి వాటిలో ఏం తప్పు కనపడుతుంది? ఎంతవరకు నమ్మొచ్చు? అబ్బాయిని వెనక్కి పిలిపించెయ్యాలా?

అమ్మా, ముందు నా సంగతి చెప్తాను. ముప్పై ఏళ్లకు పైగా చిన్న విమానాలతోనే గడిచింది నా ఉద్యోగం. నడిపింది కొంత, పిల్లలకు నేర్పింది ఎక్కువ. బేగంపేటలో పుష్పక్ మీద నేర్చుకున్న తరం మాది. ఆ విమానం రెక్కలకి రేకు కాదు, గుడ్డ ఉండేది. ఇప్పుడు రిటైరై మర్రిపాలెంలో ఉంటున్నాను. పొద్దున్నే మేడ మీద నిలబడి, నేవీ వాళ్ల డోర్నియర్ విమానం వెళ్తుంటే కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడటం ఒక్కటే నాకు మిగిలిన ఫ్లయింగ్.

మీ తమ్ముడి మాట సగమే నిజం. వార్తలు చెత్త కాదు. విమానం పడిందన్నది నిజం, ఎక్కడ పడిందన్నది దాదాపు నిజం, ఎవరు పోయారన్నది సాయంత్రానికి నిజమవుతుంది. "ఎందుకు పడింది" అన్న ముక్క దగ్గరే వస్తుంది చిక్కంతా. మొదటి రోజు ఆ ముక్క ఎవరికీ తెలియదు. ఛానెల్‌కీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ జాగా ఖాళీగా వదలడానికి ఎవరికీ మనసొప్పదు, ఏదో ఒకటి తెచ్చి నింపేస్తారు. ఎలా నింపుతారో, నా మీదే వచ్చిన వార్తతో చెప్తాను.

1993 డిసెంబరు. తెలంగాణలో ఒక పల్లె మీదుగా వెళ్తున్నాం. సెస్నా 152లో నేనూ, పక్కన స్టూడెంటూ. ఇద్దరే పట్టే బండి అది. మనుషులు, పెట్రోలుతో కలిపి 757 కిలోలు దాటకూడదు, అంటే అంబాసిడర్ కారు కన్నా తేలిక. 2,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంజిన్ దడదడలాడి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ప్రొపెల్లర్ మా మొహాల ముందు కర్రలా నిలబడిపోయింది.

ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడుతుందనుకుంటారు జనం. పడదు. ముక్కు కాస్త దించి 60 నాట్ల వేగం, అంటే గంటకి సుమారు 110 కిలోమీటర్లు, పట్టుకుంటే గద్దలా జారుతుంది. కిందికి ఒక అడుగు దిగేలోపు ముందుకి తొమ్మిది అడుగులు పోతుంది. మాకు నేల తాకడానికి మూడు నిమిషాలు ఉందన్నమాట. కరెంటు తీగలు లేని పొలం ఒకటి, కోతలైపోయింది చూసుకున్నాను. మళ్లీ స్టార్ట్ చేద్దామని చూశాను, అవలేదు. ఇక దిగడమే అనుకున్నాక మిక్స్చర్ (ఇంజిన్‌కి పెట్రోలు అందించే పిడి) లాగేశాను, పెట్రోలు వాల్వు కట్టేశాను, నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోలు ఆపేశాను, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే రేకులు) పూర్తిగా దించి, కరెంటు మొత్తం ఆపే మాస్టర్ స్విచ్ కూడా ఆపేశాను. ఆఖర్న స్టూడెంట్‌తో "తలుపు గడియ తియ్యి" అన్నాను. నేల తాకే ముందు తలుపులు కొంచెం తెరిచి ఉంచుకోవాలి. దెబ్బకి ఫ్రేము వంగితే తలుపు బిగుసుకుపోయి లోపలే ఉండిపోతాం. విమానంతో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది ఇది.

చక్రాలు వరి మోళ్లలో దిగాయి, బాగానే దొర్లాయి. ఆఖరికి ముందు చక్రం గట్టుకి తగిలి విరిగింది. ముక్కు నేలకి గుచ్చుకుని, తోక పైకి లేచి అలాగే నిలబడిపోయింది విమానం. భుజం మీద బెల్టు ఒరుసుకున్న చార తప్ప మాకిద్దరికీ ఏమీ కాలేదు. జనం పరిగెత్తుకొచ్చారు. ఒకాయన చెంబుతో నీళ్లిచ్చి "సారూ, పాణం మంచిగున్నదా?" అన్నాడు. ఇంకో పెద్దాయన "గాలిమోటారు పేలుతదా?" అంటూ దూరంగా ఆగిపోయాడు. ఆయన భయం పోగొడదామని "పెట్రోలు కట్టేశాను, ఏం కాదు" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది.

మర్నాడు పేపర్లో: "కుప్పకూలిన శిక్షణ విమానం. ఇంధనం అయిపోవడంతో ప్రమాదం. గాల్లోంచి దూకి ప్రాణాలు దక్కించుకున్న పైలట్లు."

"పెట్రోలు కట్టేశాను" కాస్తా పొలం గట్టు దాటేసరికి "పెట్రోలు ఆగిపోయిందంట" అయింది, ఊళ్లోకి వెళ్లేసరికి "అయిపోయిందంట" అయింది. దూకడం మాటంటారా, మా తలుపులు తెరుచుకుని ఉండటం కళ్లారా చూసినవాళ్లున్నారు. గాల్లో తలుపు తీశారంటే ఇంక దేనికి తీస్తారు, దూకడానికే కదా!

మా అమ్మ అప్పుడు అల్లిపురంలో ఉండేది. ఏమీ కాలేదు కదా, నెమ్మదిగా చెప్దాంలే అని నేను ఫోన్ చెయ్యలేదు. పొద్దున్నే టీకొట్టు దగ్గర మా మేనమామ పేపరు చూశాడు. ఎస్టీడీ బూత్ నుంచి మా ఆఫీసుకి ఫోను. "ఒరే, ఏటిరా ఇది? గెంతీసావట కదా! కాళ్లిరిగిపోనాయేటి? నిజం చెప్పీ." అరగంట చెప్పినా నమ్మలేదు మా అమ్మ. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చి ఎదురుగా నిలబడితే, ముందు నా మోకాళ్లు తడిమి చూసింది. మొహం చూసింది తర్వాతే.

ఇంజిన్ విప్పి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు ఒకటి విరిగి సిలిండర్లో పడి ఉంది. ఆ సంగతి తేలడానికి మూడు వారాలు పట్టింది. అది ఏ పేపర్లోనూ రాలేదు.

వార్త పంపిన విలేకరిని వెతుక్కుంటూ వెళ్లాను, కోపంగానే. మండల కేంద్రంలో ఆయనకి ఫొటో స్టూడియో ఉంది, వార్తలు పక్క పని. నన్ను కూర్చోబెట్టి, తను పంపిన కాగితం కార్బన్ కాపీ తీసి చూపించాడు. "శిక్షణ విమానం పొలంలో దిగింది, ఇద్దరూ క్షేమం" అని ఉంది మొదటి లైను. 'దిగింది' పేపరాఫీసు డెస్కులో 'కుప్పకూలింది' అయింది. పెట్రోలూ దూకడమూ మాత్రం ఆయనవే, దాచుకోలేదు. "నలుగురు చెప్పిన్రు సార్, రాసిన. ఆరింటి బస్సుకి కవరు వెయ్యాలె. మిమ్మల్నే అడుగుదామని వస్తే మీ ఆఫీసు గేటు కాడనే పొమ్మన్నరు." అదీ నిజమే. ఆ రోజు మా సంస్థలో ఎవరూ బయటివాళ్లతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మేం నోరు విప్పకపోతే ఆయన పొలం గట్టు మీద విన్నదే రాస్తాడు, ఇంకేం రాస్తాడు? కోపంగా వెళ్లినవాణ్ణి టీ తాగి వచ్చేశాను.

అప్పటి నుంచి ఇలాంటి వార్తలో నేను ముందు చూసేది క్రియాపదం. ఇంజిన్ ఆగి పొలంలో దించుకుంటే మా భాషలో ఫోర్స్‌డ్ లాండింగ్. ఇంజిన్ బాగానే ఉన్నా మబ్బులు చూసి ముందే ఎక్కడో దిగిపోతే ప్రికాషనరీ లాండింగ్, అది తెలివైన పని. రన్‌వే దాటి గడ్డిలోకి పోతే ఎక్స్‌కర్షన్. పేపర్లో అన్నీ 'కూలడమే'. పక్కన బోయింగ్ బొమ్మ ఒకటి.

మాటల్లో అన్నిటికన్నా అన్యాయమైపోయింది 'స్టాల్'. విమానం స్టాల్ అయిందని వార్తా ఏజెన్సీ నుంచి ఇంగ్లిష్‌లో వస్తుంది. డెస్కులో కుర్రాడు "గాల్లో ఇంజిన్ ఆగిపోయింది" అని తెలుగు చేస్తాడు. కారు నడిపేవాళ్లకి స్టాల్ అంటే అదే కాబట్టి, అతన్నీ అనలేం. విమానంలో స్టాల్‌కీ ఇంజిన్‌కీ సంబంధం లేదు. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి ఆడుకునే ఉంటారు. కొంచెం వంచితే చెయ్యి పైకి లేస్తుంది, మరీ నిలువుగా పెడితే లేవడం మానేసి వెనక్కి కొట్టుకుపోతుంది. రెక్కదీ అదే కథ. ఎదురుగాలికి రెక్క వంపు ఒక హద్దు, చిన్న విమానాల్లో సుమారు 16 డిగ్రీలు, దాటిందంటే పైన గాలి చెదిరిపోయి రెక్క మోయడం మానేస్తుంది. ఇంజిన్ ఫుల్ పవర్‌లో గర్జిస్తుండగా కూడా స్టాల్ అవుతుంది. సెస్నాలో అయితే దానికి కాస్త ముందు ఎడమ రెక్క అంచున ఉన్న చిన్న బెజ్జంలోంచి గాలి లాగి ఒక పీక మోగుతుంది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, అచ్చం పైడితల్లమ్మ జాతరలో పిల్లలు ఊదే బూరే. కొత్త స్టూడెంట్లు మొదటిసారి అది విని నవ్వుతారు. రెండోసారి నవ్వరు.

ఇంత ఎందుకు చెప్పానంటే, "ఇంజిన్ ఆగింది" అంటే వేలు మెకానిక్ వైపు చూపిస్తుంది, "స్టాల్ అయింది" అంటే పైలట్ చేతి వైపు. డెస్కులో ఒక్క మాట తారుమారైతే తప్పు ఒకరి మీంచి ఇంకొకరి మీదకి వెళ్లిపోతుంది. ఆ ఇద్దరికీ ఇళ్లున్నాయి, పేపరు చదివే అమ్మలున్నారు.

దీనికి తోబుట్టువే "వెనక్కి తిరిగి రన్‌వే మీదకి ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్న. టేకాఫ్ అయిన వెంటనే, నాలుగైదు వందల అడుగుల్లో ఇంజిన్ పోతే వెనక్కి తిరగొద్దనే నేర్పుతాం. తిరగబోతే ఎత్తూ వేగం రెండూ పోయి, పైన చెప్పిన స్టాల్ వస్తుంది. ముందు ఏముంటే దాని మీదే, కాస్త అటూ ఇటూ జరిగి దింపుకోవడం. ఎదురుగా చెరువుంటే చెరువు, తోటుంటే తోట. స్టూడియోలో గ్రాఫిక్స్ వేసి బాణం గుర్తు వెనక్కి తిప్పడం తేలికే.

చూసినవాళ్లు చెప్పేదాని సంగతి. 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర సెస్నా 152 కూలింది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ అమ్మాయి చనిపోయింది. మొదటి గంటల్లో టీవీల్లో స్క్రోలింగ్ గుర్తుందా? "కూలిన హెలికాప్టర్, ఇద్దరు మృతి." ఊళ్లలో తక్కువ ఎత్తులో చప్పుడు చేస్తూ పోయేదేదైనా హెలికాప్టరే. పొలం పనుల్లో ఉన్నవాళ్లు ఫోన్‌లో అదే చెప్పారు, అక్కణ్ణుంచి అదే స్క్రోలింగ్‌లోకి ఎక్కింది. అబద్ధం ఎవరూ చెప్పలేదు.

అమెరికాలో 2001 నవంబరులో ఒక పెద్ద విమానం న్యూయార్క్‌లో ఇళ్ల మీద కూలింది, అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 349 మంది సాక్షుల మాటలు విడివిడిగా లెక్కపెట్టింది. గాల్లోనే మంటలు చూశామన్నవాళ్లు సగం మందికి పైనే. కుడికి తిరిగిందన్నవాళ్లు 18 శాతం, ఎడమకి తిరిగిందన్నవాళ్లు కూడా సరిగ్గా 18 శాతం! చివరికి తేలిన కారణం తోక మీది నిలువు రెక్క విరిగి ఊడిపోవడం. కాబట్టి "గాల్లోనే పేలిపోయిందని ప్రత్యక్ష సాక్షులు" అన్న లైను చూడగానే నేను పేజీ తిప్పేస్తాను. మనిషి కంటికి ముందు శబ్దం, పొగ అందుతాయి. అప్పుడు తల తిప్పి, చూడనిదాన్ని కూడా చూసినట్టే గుర్తుపెట్టుకుంటాడు. నేనూ అంతే.

ఇక "ఎందుకు" సంగతి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల్లో, 13వ అనుబంధం అంటారు, దర్యాప్తు ఉద్దేశం ఇంకో ప్రమాదం జరక్కుండా చూడటమే తప్ప తప్పు ఎవరిదో తేల్చడం కాదని మొదట్లోనే రాసి ఉంటుంది. ప్రాథమిక నివేదికకి 30 రోజులు గడువు, తుది నివేదికకి వీలైతే ఏడాది. ఛానెల్‌కి ఉన్నది రాత్రి తొమ్మిదింటి చర్చ. పొత్తు ఎలా కుదురుతుంది?

మన రాష్ట్రంలో ఇది అందరూ అనుభవించిన రోజు 2009 సెప్టెంబరు 2. ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖర రెడ్డి గారి బెల్ 430 హెలికాప్టర్ నల్లమల మీద కనపడకుండా పోయింది. ఆ మధ్యాహ్నం కాసేపు, ఆయన క్షేమంగా దిగి రోడ్డు మార్గాన చిత్తూరు వెళ్తున్నారని కూడా టీవీల్లో వచ్చింది. మర్నాడు పావురాలగుట్ట దగ్గర శకలాలు దొరికాయి. అక్కడితో ఆగిందా? నాలుగు నెలల తర్వాత, 2010 జనవరిలో, విదేశీ వెబ్‌సైట్‌లోని ఒక కుట్ర కథనాన్ని కొన్ని ఛానెళ్లు ఎత్తుకోవడం, ఆ రాత్రే రాష్ట్రమంతా ఒక కంపెనీ దుకాణాల మీద దాడులు జరగడం చూశాం.

దర్యాప్తు నివేదికలో ఉన్నది వేరు. గాల్లో ట్రాన్స్‌మిషన్ (ఇంజిన్ శక్తిని పైన తిరిగే రెక్కలకి అందించే గేర్లు) ఆయిల్ ప్రెషర్ సమస్య కనపడింది. దానికేం చెయ్యాలో ఎమర్జెన్సీ చెక్‌లిస్టులో వెతుకుతూ పైలట్లిద్దరూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు. ఆలోపు హెలికాప్టర్ పెద్ద ఉరుముల మబ్బు వైపు వెళ్లిపోయింది. కిందికి తోసే గాలిలో చిక్కుకుని భయంకరమైన వేగంతో నేలకి దిగింది. ఇది హెడ్డింగ్‌లో పెట్టాలంటే "పైలట్ తప్పిదం" అనో "వాతావరణమే కారణం" అనో తప్ప ఇంకెలా పెడతారు? పైలట్ అయినవాడికి మాత్రం కనపడేది ఆ ఆరు నిమిషాలు. మోకాలి మీద పుస్తకం, పేజీ దొరకదు, ఇద్దరి చూపూ లోపలే ఉంది, అద్దం అవతల తెల్లగా అయిపోతోంది. ఆ నివేదిక వచ్చాక నా స్టూడెంట్లందరికీ ఒక కొత్త అలవాటు నేర్పాను. ఒకడు పుస్తకం తీస్తే రెండోవాడు బయటికే చూడాలి, పుస్తకం వైపు తొంగి చూస్తే మొట్టికాయ.

మన విశాఖ వాళ్లకి ఇంకో గాయం ఉంది. అది చిన్న విమానం కాదు గానీ చెప్పకుండా ఉండలేను. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ వాయుసేన ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మందిలో ఎనిమిది మంది ఇక్కడి నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. మనం రోజూ దాటే ఎన్ఏడీ కొత్తరోడ్డు పేరులోని ఎన్ఏడీ అదే. గల్లంతైనవాళ్లలో ఒకరి ఫోన్ ఇంకా రింగవుతోందని అప్పట్లో వార్త వచ్చింది. ఆ ఒక్క వార్త ఎన్ని ఇళ్లలో ఎన్నాళ్లు అన్నం దిగనివ్వలేదో ఈ చుట్టుపక్కల ఉండేవాళ్లకి తెలుసు. శకలాలు దొరికిన సంగతి 2024 జనవరిలో చెప్పారు. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున. ఏడున్నరేళ్లు పట్టింది 'ఎక్కడ' అన్న ఒక్క ముక్కకే.

ఇంతవరకు పేపరు వాళ్లని అన్నాను కదా, ఇప్పుడు మా వాళ్ల సంగతి. మీ తమ్ముడికి ఇది నచ్చదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో బోయింగ్ కూలిన గంటకి మా పాత పైలట్ల వాట్సాప్ గ్రూపులో తీర్పు వచ్చేసింది. ఒకరు ఫ్లాప్స్ అన్నారు, ఒకరు పక్షులన్నారు, ఒకాయన పెట్రోలు కల్తీ అని వీడియో కూడా పెట్టాడు. నేనూ ఏదో అన్నాను, ఏమన్నానో చెప్పను. నెల తిరిగాక వచ్చిన ప్రాథమిక నివేదికలో ఇంధన స్విచ్‌లు కటాఫ్‌కి, అంటే ఇంజిన్లకి ఇంధనం ఆపేసే వైపుకి, మారిన సంగతి ఉంది. ఎవరు, ఎందుకు అన్నది దాన్ని బట్టి చెప్పలేం. మాలో ఒక్కరూ ఆ స్విచ్‌ల మాటెత్తలేదు. గ్రూపులో అందరివీ కలిపితే లక్ష గంటల అనుభవం ఉంటుంది!

ఇందులో ఇంకో గుట్టు ఉంది. చిన్న విమానం కూలిందనగానే పైలట్ వెతికేది కారణం కాదు, తనకీ ఆ పోయినవాడికీ మధ్య ఒక తేడా. "వాడు రాత్రిపూట వెళ్లాడట, నేను వెళ్లను." "వాడికి గంటలు తక్కువట." ఆ తేడా దొరికితే ఆ రాత్రి నిద్ర పడుతుంది. మీ తమ్ముడు "చెత్త వార్తలు" అనడంలో సగం అదే. భయం లేక కాదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "నలభై ఏళ్ల పాత డొక్కు విమానం" అని రాస్తారు. సెస్నా 152 తయారీ 1985లోనే ఆపేశారు, ప్రపంచంలో ఉన్నవన్నీ పాతవే. 50 గంటలకి, 100 గంటలకి విప్పి చూస్తారు, 2,400 గంటలకి ఇంజిన్ మొత్తం ఊడదీసి కడతారు. తయారైన ఏడాది కాదు, ఆ విప్పి చూసే చెయ్యి ముఖ్యం. "బ్లాక్ బాక్స్ దొరకలేదు" అంటారు. చిన్న విమానాల్లో చాలావాటికి అసలు ఉండదు. "ఏటీసీతో (కింద కంట్రోల్ టవర్ వాళ్లతో) సంబంధాలు తెగిపోయాయి" అంటారు. రేడియో చూపు ఆనినంత దూరమే పనిచేస్తుంది, తక్కువ ఎత్తులో మన యారాడ కొండ లాంటిది అడ్డం వస్తే చాలు. పైగా మేం నేర్పేదే ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు అని. అమెరికా వార్తల్లోంచి "ఫ్లైట్ ప్లాన్ (ఎక్కడికి, ఏ దారిన వెళ్తున్నామో ముందే ఇచ్చే కాగితం) ఇవ్వలేదు" అన్న లైను తెచ్చి నేరంలా రాస్తారు. అక్కడ పగటిపూట కళ్లతో చూస్తూ ఎగిరే చిన్న విమానానికి అది తప్పనిసరి కాదు. ఇక్కడ మామూలుగా ప్లానూ ఉండాలి, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నెంబరూ ఉండాలి. "స్కూలు మీద పడకుండా తప్పించి ప్రాణత్యాగం చేసిన పైలట్" అన్నది నన్ను ఇబ్బంది పెట్టేది. కొన్నిసార్లు నిజం అయ్యుండొచ్చు. చాలాసార్లు ఆ మనిషి ఆ క్షణాన విమానం ఎగురుతూ ఉండటానికే పెనుగులాడుతుంటాడు. దేవుణ్ణి చెయ్యక్కర్లేదు, నెల తర్వాత దొంగనీ చెయ్యక్కర్లేదు.

అలాగని పేపర్లు లేకపోతే బాగుండునని అననండి. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు పట్టుబడ్డారు, ఎగరని గంటలు లాగ్‌బుక్కులో రాయించుకున్న బాగోతాలు బయటపడ్డాయి. అది రోజుల తరబడి మొదటి పేజీలో ఉండబట్టే తనిఖీలు గట్టిపడ్డాయి. మాలో మేం అయితే కడుపులో పెట్టుకునేవాళ్లం.

ఇక మీ అమ్మగారి భయం. దాన్ని టీవీ ఒక్కటే పుట్టించలేదు. మన తెలుగువాళ్లకి చిన్న విమానం అంటే గుర్తొచ్చే పేర్లు మూడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర కొవ్వాడలంక చేపల చెరువులో హెలికాప్టర్ పడి పోయిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో ఎన్నికల ప్రచారానికి సెస్నా 180 ఎక్కిన కాసేపటికే పోయిన సినీనటి సౌందర్య. ఆ తర్వాత రాజశేఖర రెడ్డి గారు. మూడిట్లో రెండు హెలికాప్టర్లు, మూడూ శిక్షణ విమానాలు కావు. అయినా మనసులో అన్నీ ఒకే గాటన కట్టేసి ఉంటాయి. ఏ రోజూ ఏమీ జరగకుండా ఎగిరి దిగే వేల సోర్టీలు వార్త కావు కదా.

ప్రమాదం లేదని మాత్రం ఆవిడకి చెప్పొద్దు. అమెరికా లెక్కల్లో చిన్న విమానాలు ఎగిరే ప్రతి లక్ష గంటలకి ప్రాణాంతక ప్రమాదం ఒకటి, అటూ ఇటూగా. కమర్షియల్ లైసెన్సుకి మన దగ్గర కావాల్సినవి 200 గంటలు. తిరుపతి వెళ్లే ఎయిర్‌బస్‌తో దీన్ని పోల్చకూడదు, బీచ్ రోడ్డులో మోటార్ సైకిల్‌తో పోల్చుకోవాలి. జాగ్రత్తపరుడు నడిపేదాన్నీ కుర్రకారు నడిపేదాన్నీ వేరుగా లెక్కేసుకోవాలి.

కాబట్టి వెనక్కి పిలిపించాలా వద్దా అన్నది టీవీ చూసి తేల్చకండి. తమ్ముణ్ణి మూడు అడగండి. విమానంలో లోపం ఉందని స్టూడెంట్ పుస్తకంలో రాస్తే ఆ విమానాన్ని నిజంగా ఆపి బాగుచేస్తున్నారా, "రేపు చూద్దాం, వెళ్లు" అంటున్నారా? ఇన్‌స్ట్రక్టర్ చెప్పా పెట్టకుండా థ్రాటిల్ (ఇంజిన్ పవర్ పిడి) లాగేసి "ఇంజిన్ పోయింది, ఎక్కడ దింపుతావు?" అని ఆఖరిసారి ఎప్పుడు అడిగాడు? మబ్బు బాగాలేదు, ఈ రోజు నేను ఎగరను అని తమ్ముడు ఎప్పుడైనా అన్నాడా, అంటే అక్కడ ఎవరేమన్నారు? అలాగే వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ ఫోన్ నెంబరు ఒకటి మీ అమ్మగారి దగ్గర ఉండాలి. ఎక్కడ ఏం కూలినా టీవీ కన్నా ముందు తమ్ముడే "నేను కాదమ్మా" అని ఫోన్ చెయ్యాలి, నాలా నెమ్మదిగా చెప్దాంలే అనుకోకుండా.

మొదటి రెండు ప్రశ్నలకి ఏదో ఒకటి గబగబా చెప్పేస్తాడు. మూడోదానికి నీళ్లు నమిలితే మళ్లీ రాయండి నాకు.